ఆకు వెనక్కి తిప్పి చూడండి: పెరటి మూలికలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా మల్లె కుండీలల్ల, బోరు పక్కన తడి నేలల ఒక చిన్న మొక్క దానంతటదే మొలుస్తున్నది. పీకినా మళ్లీ వస్తది. ఆకులు చింతాకు లెక్క సన్నగ ఉన్నయి. పక్కింటి పెద్దమ్మ అది నేల ఉసిరి, జాండిస్‌కు మంచిది అంటున్నది. మా అత్తమ్మ మాత్రం అది పాలమొక్క, ముట్టుకోవద్దు అంటున్నది. ఫొటో పంపుతున్న. ఎవరి మాట నిజం? నేల ఉసిరే అయితే దేనికి, ఎంత వాడాలె?
– గృహిణి, దేవరకొండ

జవాబు: ఇద్దరి మాటా నిజమే. మీ కుండీలో రెండు మొక్కలు కలిసి పెరుగుతున్నాయి. నడుమ నిటారుగా లేచినది నేల ఉసిరి. అంచు వైపు ఒరిగి, కాడ ఎర్రగా ఉన్నది నానబాలు, కొందరు రెడ్డివారి నానబాలు అంటారు. పైనుంచి చూస్తే ఎవరైనా పొరబడతారు. ఒక్కో మొక్కను విడిగా పీకి, రెమ్మను వెనక్కి తిప్పి చూడండి.

నేల ఉసిరి రెమ్మ కింది వైపు, ప్రతి ఆకు మొదట్లో ఆవగింజంత పచ్చని కాయ వేలాడుతుంది. రెమ్మ పొడవునా వరసగా ఉంటాయి. ఈ గుర్తు చాలా గట్టిది. ఎందుకంటే మనకు చింతాకులా కనిపించేది నిజానికి ఆకు కాదు, సన్నని కొమ్మ. దాని మీదివి విడివిడి ఆకులు. కొమ్మ కాబట్టే ఆకు ఆకుకూ పువ్వు, కాయ వస్తాయి. చింత, అవిశ, జీలుగ మొలకలు దూరం నుంచి ఇలాగే ఉంటాయి గానీ వాటి ఆకు ఈనె మీద ఎన్నడూ కాయలు రావు. మీ మొక్కకు ఇంకా కాయలు పడకపోతే తొందరపడి వాడకండి. కొద్ది వారాలు ఆగితే అవే పడతాయి.

మిగతా గుర్తులు కూడా సరిపోవాలి. మొక్క జానెడు నుంచి రెండు జానల ఎత్తు ఉంటుంది. నడి కాడ మీద మామూలు ఆకులు ఉండవు, రెమ్మలే ఉంటాయి. ఒక్కో రెమ్మకు రెండు వరసల్లో 15 నుంచి 30 ఆకులు. ఆకు పొడవు సెంటీమీటరుకు అటూ ఇటూ, కొన గుండ్రం, అంచు నున్నన. కాడ తుంచితే పాలు రావు. ఆకు నమిలితే చేదు. చీకటి పడ్డాక చూస్తే ఆకులు ముడుచుకుని ఉంటాయి. ముట్టుకుంటే ముడుచుకునేది అత్తిపత్తి. దానికి ముళ్లుంటాయి, దీనికి ఉండవు.

నానబాలు కాడ తుంచగానే తెల్లటి పాలు వస్తాయి. ఆకులు ఎదురెదురుగా జంటలుగా, అంచు సన్నని రంపపు పళ్లతో ఉంటాయి. కాడ మీద నూగు ఉంటుంది. పూలు కణుపుల దగ్గర గుండ్రని గుత్తులు కడతాయి. పెద్ద నానబాలును పట్టుకోవడం తేలికే. నేలకు చాపలా అతుక్కుని పాకే చిన్న రకం ఇంకొకటి ఉంది. దాని ఆకులు మరీ చిన్నవి కావడంతో ఎక్కువ మంది మోసపోయేది దాని దగ్గరే. తుంచి చూడకుండా దోసిట్లో పట్టి నూరితే ఆ పాలు కషాయంలోకి పోతాయి, కడుపులో వికారం, వాంతి తెస్తాయి. తుంచిన చేత్తో కన్ను నలుపుకోకండి. ఆ పాలు కంటికి మంట, వాపు తెస్తాయి. మీ అత్తమ్మ భయం ఉత్తది కాదు.

నేల ఉసిరిలోనే మన దగ్గర మూడు నాలుగు రకాలు పెరుగుతాయి. కుండీల్లో, పెరట్లో ఎక్కువగా కనిపించేది ఫిలాంథస్ అమారస్. దాని కాయ నున్నగా, సన్నని చిన్న కాడతో వేలాడుతుంది. కాడ ఎర్రబారి, కాయ గరుకుగా, రెమ్మకు అతుక్కున్నట్టు ఉంటే అది ఫిలాంథస్ యూరినేరియా. నల్లరేగడి చేలల్లో గట్టి కాడతో, ఆకు మొదలు సన్నగా, కొన వెడల్పుగా ఉండేది ఫిలాంథస్ మదరాస్‌పటెన్సిస్. వీటికీ నాటు వైద్యంలో వాడకం ఉంది. కింద చెప్పే మోతాదు మాత్రం మొదటి రకానికే.

సేకరణ విషయంలో మొక్క ఎక్కడ మొలిచిందన్నదే ముఖ్యం. పత్తి చేను గట్టు, గడ్డిమందు కొట్టిన పొలం ఒడ్డు, రోడ్డు పక్క, మురికి కాలువ అంచు – ఈ చోట్ల ఎంత ఏపుగా ఉన్నా వదిలేయండి. గడ్డిమందు కొట్టిన నాడే మొక్క వాడిపోదు, కొన్ని రోజులు పచ్చగానే కనిపిస్తుంది. మీ కుండీలోదే మేలు, అయితే మల్లెకు పేనుబంక మందు కొట్టి ఉంటే అదీ వద్దు. వానాకాలం చివర, కాయలు నిండుగా ఉన్నప్పుడు వేరుతో సహా పీకండి. వేళ్ల మట్టి పోయేదాకా మూడు నాలుగు నీళ్లల్లో కడగండి.

పచ్చి మొక్కను నూరి గుడ్డలో పిండితే వచ్చే రసం పెద్దవాళ్లకు రోజుకు 10 నుంచి 20 మిల్లీలీటర్లు. అంటే రెండు నుంచి నాలుగు టీస్పూన్లు. ఎండిన పొడి అయితే 3 నుంచి 6 గ్రాములు. ఆయుర్వేదం చెప్పే లెక్క ఇదే. ఊళ్లల్లో గ్లాసు నిండా పసరు తాగించే అలవాటు ఉంది, అది ఏ లెక్కకూ అందదు. కషాయానికి, ఇలాంటి మెత్తటి మూలికకు నాలుగు రెట్ల నీళ్లు పోసి నాలుగో వంతు మిగిలేదాకా సన్న మంట మీద మరిగించాలి. 25 గ్రాముల పచ్చి మొక్కకు 100 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే 25 మిగలాలి. మూత పెట్టకుండా, స్టీలు గిన్నెలో. రాత్రి కాచి పొద్దున తాగడం వద్దు, వేసవిలో పులిసిపోతుంది.

ఎండబెట్టేటప్పుడు జరిగే పొరపాటు చెప్పాలి. గుత్తిగా కట్టి వేలాడదీస్తే నాలుగు రోజులకు ఆకులన్నీ రాలిపోయి మీకు పుల్లలే మిగులుతాయి. నీడలో పాత చీర పరిచి, పలుచగా ఆరబోసి, రాలిన ఆకుతో సహా ఎత్తండి. కాడ విరిస్తే టక్కున విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టు. తడి ఉండగా డబ్బాలో పోస్తే బూజు పట్టి ముక్క వాసన వస్తుంది. అలాంటిది పారేయడమే. సరిగా ఎండినది గాజు సీసాలో ఆరు నెలలు వాడుకోవచ్చు.

దేనికి వాడతారంటే కామెర్లకు, మూత్రం మంటకు, ఆకలి మందగించినప్పుడు. ఆకు నూరి ఉప్పు కలిపి గజ్జికి పైపూతగా రాస్తారు. మూత్రం మంటకు మూడు రోజులు వాడి చూడడంలో తప్పు లేదు. జ్వరం, నడుం నొప్పి, మూత్రంలో రక్తం ఉంటే మాత్రం ఆగకుండా పరీక్షకు వెళ్లాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడొద్దు. షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, రక్తం పలుచన చేసే మందులు వాడేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు తమ డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. మాత్ర, మూలిక రెండూ కలిసి షుగర్‌ను, బీపీని మరీ దించేయవచ్చు.

ప్రశ్న: మా తమ్మునికి 24 ఏండ్లు. కండ్లు పచ్చబడితే పరీక్ష చేయించినం, రక్తంల పసుపు రంగు తెచ్చే బిలిరుబిన్ 7 వచ్చింది. డాక్టరు వైరల్ కామెర్లు అని మందు పెద్దగ రాయలే, విశ్రాంతి తీసుకొమ్మన్నడు. మా బంధువులు నేల ఉసిరి పసరు మూడు పొద్దులు పోస్తే దిగుతదంటున్నరు. ఉప్పు, పసుపు, నూనె బంద్ చేయించిన్రు. పసరు ఇయ్యాల్నా వద్దా?
– పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ముందు ఏ రకం కామెర్లో తేలాలి. డాక్టరు వైరల్ అన్నారంటే ఎక్కువగా హెపటైటిస్ ఎ లేదా ఇ అయి ఉంటుంది. రెండూ కలుషిత నీళ్లు, తిండి ద్వారా వచ్చేవే. ఇవి చాలామందికి కొద్ది వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. మందు పెద్దగా రాయకపోవడానికి కారణం అదే, నిర్లక్ష్యం కాదు. పసరుకు ఇంత పేరు రావడానికి కారణం కూడా అదే. ఎలాగూ దిగే దశలో పోసిన పసరుకు ఆ ఘనత దక్కుతుంది.

నేల ఉసిరికి కామెర్ల మీద ఏ గుణమూ లేదని దీని అర్థం కాదు. దీని మీద పెద్ద ఆశే ఉండేది. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొని నోబెల్ అందుకున్న బ్లూంబర్గ్, మద్రాసు పరిశోధకులు త్యాగరాజన్ బృందంతో కలిసి 1988లో లాన్సెట్ పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. బి వైరస్ ఒంట్లో నిలిచిపోయిన 37 మందికి 30 రోజులు ఫిలాంథస్ అమారస్ పొడి ఇస్తే 22 మందిలో ఆ వైరస్ గుర్తు కనిపించలేదు. పోల్చడానికి మందు లేని ఉత్త పొడి ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. కాబట్టి బి రకం కామెర్లకు ఈ మొక్కను నమ్ముకుని డాక్టరు ఇచ్చే యాంటీవైరల్ మాత్రలు మానడం చాలా ప్రమాదం.

మీ తమ్మునికి ఎ లేదా ఇ అని రక్తపరీక్షలో తేలి, వాంతులు లేకుండా తిండి తింటుంటే, కడిగిన పచ్చి మొక్క రసం 10 మిల్లీలీటర్లు పలుచని మజ్జిగలో రోజుకొకసారి, వారం పది రోజులు ఇచ్చుకోవచ్చు. డాక్టరుకు చెప్పి ఇవ్వండి. చెప్పకుండా ఇస్తే తర్వాత లివర్ పరీక్ష లెక్కలు తేడా వస్తే కారణం ఆయనకు అంతుబట్టదు. ఎవరో తెచ్చి ఇచ్చే పసరు మాత్రం వద్దు. అందులో ఏ ఆకులు కలిశాయో మీకు తెలియదు, చెప్పరు కూడా. ఇప్పటికే దెబ్బతిన్న లివర్ మీద తెలియని ఆకులు పడితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఉప్పు, పసుపు, నూనె మాన్పించడం దండగ. పచ్చబడిన కన్నుకు, వంటలో వేసే పసుపుకు సంబంధం లేదు. కామెర్లలో లివర్‌కు శక్తి కావాలి. అన్నం, పప్పు, కూరగాయలు, పండ్లు, మజ్జిగ, కొంచెం నూనె అన్నీ తినొచ్చు. వికారంగా ఉంటే కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. మానాల్సినవి మద్యం, కల్లు. జ్వరం మాత్రలు, ముఖ్యంగా పారాసిటమాల్, డాక్టరు చెప్పిన మోతాదు దాటకూడదు.

కంట్లో పసరు పోయడం, చేతి మీద వాత పెట్టడం ఇంకా అక్కడక్కడ సాగుతూనే ఉన్నాయి. కంట్లో పసరు నల్లగుడ్డు మీద పుండు చేస్తుంది, చూపు పోవచ్చు. వాత పుండు పడుతుందే గానీ బిలిరుబిన్ దించదు.

ఈ లక్షణాలు కనిపిస్తే పసరూ వద్దు, ఇంట్లో ఎదురుచూడడమూ వద్దు: మత్తుగా పడుకోవడం, మాట తడబడడం, రాత్రి నిద్ర పట్టక పగలు నిద్రపోవడం, ముక్కు నుంచి గానీ చిగుళ్ల నుంచి గానీ రక్తం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం. మలం సున్నం రంగులో ఉండి ఒళ్లంతా దురద పెడితే పైత్య నాళం మూసుకుని ఉండొచ్చు, దానికి స్కానింగ్ కావాలి. వరి పొలంలో నీళ్లలో పనిచేసేవాళ్లకు పిక్కల నొప్పి, జ్వరం, ఎర్రకళ్లతో కలిసి కామెర్లు వస్తే ఎలుక జ్వరం కావచ్చు. మీ వైపు కాలువ కింద వరి ఎక్కువ కాబట్టి ఇది గుర్తుంచుకోండి. దానికి యాంటీబయాటిక్ ఉంది, ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతింటాయి. గర్భిణికి కామెర్లు వస్తే అదే రోజు ఆసుపత్రిలో చేర్చాలి. నెలలు నిండేటప్పుడు వచ్చే హెపటైటిస్ ఇ తల్లి ప్రాణం తీసేంత తీవ్రంగా మారుతుంది. పుట్టిన బిడ్డ పచ్చబడితే చుక్క పసరు కూడా తగలనివ్వొద్దు.

ప్రశ్న: మా దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంటదని అందరికి ఎరికే. కషాయాలకు ఆ నీళ్లే వాడుతున్నం, మరిగిస్తే విషం పోతది గదా అని. ఇంకోటి, మోకాళ్లు పట్టేసినోళ్లకు నల్లేరు పచ్చడి మంచిదంటరు. మా నాయినకు చేసి పెడితే నోరంతా దురద లేసింది. ఏం తప్పు జరిగింది?
– పాఠకుడు, మర్రిగూడ మండలం

జవాబు: మరిగిస్తే సూక్ష్మక్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ ఆవిరై పోదు, గిన్నెలోనే మిగులుతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు 400 మిల్లీలీటర్లు పోసి 100 మిల్లీలీటర్లకు దింపితే, ఆ చిన్న గ్లాసులో నాలుగు గ్లాసుల ఫ్లోరైడ్ ఉంటుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిదని, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. ఈ లెక్కన మీ కషాయంలో అది లీటరుకు 8 మిల్లీగ్రాములకు చేరింది. ఒకరోజు తాగితే పెద్ద లెక్క కాదు. మోకాళ్ల నొప్పికని రెండు పూటలా నెలల తరబడి తాగేవాళ్లకు మాత్రం మందే జబ్బును పెంచుతుంది. అన్నం, పప్పు, చాయ్ సంగతీ అంతే. కషాయానికి, వంటకు మిషన్ భగీరథ నల్లా నీళ్లో, వాన నీళ్లో వాడండి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరుమీదే నల్గొండ టెక్నిక్ అని పేరు. అయితే నీటి పరీక్ష చూసి పటిక మోతాదు కట్టాలి, అందాజుగా ఇంట్లో చేసేది కాదు.

నల్లేరు ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను తీయదు. విరిగిన ఎముక అతకడానికి, కీళ్ల నొప్పికి దానికి పాత పేరుంది. మీ నాయన గారి మోకాళ్లు పట్టేయడం ఫ్లోరోసిస్ వల్లే అయితే నల్లేరుతో నొప్పి కొంత తేలికపడినా మూలం అలాగే ఉంటుంది. నీళ్లు మార్చడం, పాలు, రాగులు, ఆకుకూరలతో సున్నపు ధాతువు (కాల్షియం) అందించడం ముఖ్యం. చింతపండు విషయంలో ఒక మంచి ఆధారం ఉంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 10 గ్రాముల చింతపండు తిన్న పిల్లలకు మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. పచ్చిపులుసు మనకు కొత్తదేం కాదు గదా.

దురదకు కారణం నల్లేరు కాడలో ఉండే సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు. ముదురు కాడ తీసుకున్నా, నార తీయకపోయినా, సగం వేయించినా, పులుపు తగ్గినా నోరు దురద పెడుతుంది. కొన నుంచి రెండు మూడు కణుపులే తెంపండి, గోరు గుచ్చితే దిగాలి. చేతులకు నూనె రాసుకుని కణుపులు తీసేసి, నాలుగు అంచుల మీది నార గీసేయండి. నలుగురికి 50, 60 గ్రాముల ముక్కలు చాలు. రెండు చెంచాల నూనెలో సన్నసెగ మీద రంగు మారి మెత్తబడేదాకా పది నిమిషాలు వేయించాలి. నిమ్మకాయంత చింతపండు, వేయించిన ఎండుమిర్చి, నువ్వులు, వెల్లుల్లి కలిపి నూరాలి. వారానికి ఒకటి రెండుసార్లు తింటే చాలు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు ఆక్సలేట్ వల్ల దీన్ని మానడమే మంచిది.

గుట్టల మీద నల్లేరనుకుని వేరేవి కోసుకొచ్చే వాళ్లూ ఉన్నారు. నల్లేరుకు కణుపు కణుపుకు నొక్కినట్టు సన్నబడుతుంది, కణుపు దగ్గర ఆకు, దానికెదురుగా నులితీగ ఉంటుంది. నులితీగ లేకుండా నాలుగు పలకలుగా నిటారుగా లేచేది కుందేటి కొమ్ములు. కోస్తే పాలు కారితే అది జెముడు, దాన్ని అక్కడే వదిలేయండి.

ప్రశ్న: గుంటగలగర నూనె ఇంట్లో కాచాను. పదిహేను రోజులకే వాసన వచ్చింది. పైగా మా అమ్మాయి తెచ్చిన మొక్కకు పసుపు పూలున్నాయి, అది అదేనా?
– ఉపాధ్యాయురాలు, జడ్చర్ల

జవాబు: పార్కుల్లో, రోడ్ల నడుమ పసుపు పూలతో చాపలా పాకే మొక్క ఆకు మూడు చీలికలుగా ఉంటుంది. అది అందానికి పెంచే వెడేలియా, నూనెకు పనికిరాదు. గుంటగలగరకు చొక్కా గుండీ కన్నా చిన్నవి, తెల్లని పూలు. ఆకులు ఎదురెదురుగా, సన్నగా పొడుగ్గా, గరుకుగా, కాడ లేకుండా కొమ్మకు అంటుకుని ఉంటాయి. రెండు వేళ్ల మధ్య ఆకు నలిపి కాసేపు ఆగితే రసం నల్లబడాలి. జానెడు పొడుగు కాడ మీద ఒంటరిగా, నడుమ పసుపు, చుట్టూ తెల్లరేకులతో పూసేది గడ్డి చామంతి. దాన్నీ చాలామంది ఇదే అనుకుంటారు.

ఇది తడి నేలల మొక్క, పొలం ఒడ్ల వెంట దొరుకుతుంది. మూసీ నీళ్లు పారే కాలువల దగ్గరిది మాత్రం తేవొద్దు. హైదరాబాద్ మురుగు అంతా ఆ నీళ్లల్లోనే ఉంటుంది, తడి నేలలో పెరిగే మొక్కలు భారలోహాలను లాక్కుంటాయి. పెరట్లో నీళ్లు పడే చోట నాలుగు కొమ్మలు గుచ్చితే వేళ్లూనుతుంది.

మీ నూనె వాసన వచ్చిందంటే అందులో నీటి చెమ్మ మిగిలింది. పావు లీటరు నువ్వుల నూనెకు లీటరు ఆకు రసం, 60 గ్రాముల ఆకు ముద్ద తీసుకోండి. ఇనుప మూకుడో, అడుగు మందం ఉన్న స్టీలు గిన్నెనో తీసుకుని సగానికి మించి నింపకండి, పొంగుతుంది. సన్న మంట మీద రెండు మూడు గంటలు, అడుగంటకుండా కలుపుతూ కాచాలి. అడుగున ముద్దను తీసి వేళ్ల మధ్య నలిపితే వత్తిలా సాగాలి. ఆ వత్తిని దీపానికి చూపితే చిటపట లేకుండా వెలగాలి. చిటపటమంటే నీళ్లున్నట్టే, ఇంకా కాచాలి. నూనె సిద్ధమయ్యే వేళకు పైన నురగ లేస్తుంది. ముద్ద గట్టిపడి నల్లగా బొగ్గవుతుంటే దాటిపోయింది, మాడు వాసన పోదు. గోరువెచ్చగా ఉండగా పొడి గుడ్డలో వడకట్టి, ఎండబెట్టిన సీసాలో పోయండి. ఇంత నూనెను రెండు మూడు నెలల్లో వాడేయండి.

తలకు చల్లదనం, చుండ్రు తగ్గడం, వెంట్రుకకు మెరుపు వరకు ఆశించండి. నెరిసిన వెంట్రుక దీనితో నల్లబడదు.

ప్రశ్న: మా ఇంటి ముందట వేప చెట్టు మీద తిప్పతీగ అల్లుకుంది. కరోనా అప్పటి సంది రోజూ తాగుతున్న. ఇది లివర్‌కు మంచిది కాదని ఈ మధ్య ఎవరో అన్నరు.
– పాఠకుడు, అచ్చంపేట

జవాబు: రోజూ, ఏండ్ల తరబడి తాగే మందు కాదు, మానేయండి. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులను ప్రచురించారు. దీన్ని పోలిన వేరే జాతిని వాడి ఉంటారని ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదించింది. రెండింటిలో ఏది నిజమైనా మీరు చేయాల్సింది ఒకటే: తీగను చూడాలి, ఒంటినీ చూడాలి.

సరైన తిప్పతీగ ఆకు గుండె ఆకారంలో, రెండు వైపులా నున్నగా ఉంటుంది. ముదురు కాడ మీద పల్చని కాగితం పొరలా బెరడు ఊడుతుంది, లోపల పచ్చగా ఉంటుంది. అడ్డంగా కోస్తే బండి చక్రం ఆకుల్లా గీతలు కనిపిస్తాయి. పైనుంచి దారాల్లాంటి వేళ్లు కిందికి దిగుతాయి. కాడ నిండా మొటిమల్లాంటి బుడిపెలు ఉంటే అది టినోస్పోరా క్రిస్పా, వాడొద్దు. ఆకు వెనక నూగు ఉంటే అది ఇంకో జాతి.

సరైన తీగైనా జ్వరం తర్వాత నీరసానికి బొటనవేలు మందం కాడ నాలుగు అంగుళాలు, అదీ వారం పది రోజులకు మించి వద్దు. థైరాయిడ్, కీళ్లవాతం, సోరియాసిస్ వంటి, ఒంటి రక్షణ శక్తి ఒంటినే కొట్టే జబ్బులున్నవాళ్లు అసలు తాగకూడదు. దీన్ని తాగి రక్షణ శక్తిని ఇంకా రెచ్చగొట్టడం ఆ జబ్బుకే బలం. మీరు ఇన్నేళ్లు తాగారు కాబట్టి ఒకసారి లివర్ పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: బాలింతకు వాయిలాకు నీళ్లు పోయొచ్చా? మా బిడ్డకు కాన్పు ఆపరేషన్ అయింది.
– పాఠకురాలు, వనపర్తి

జవాబు: వాయిలి ఆకు మూడు లేక అయిదు చీలికలుగా, పైన ముదురు పచ్చ, వెనక బూడిద తెలుపు, నలిపితే ఘాటు వాసన. రెండు గుప్పిళ్ల ఆకు పెద్ద గిన్నెడు నీళ్లల్లో పావుగంట మరిగించి, వడగట్టి, బకెట్ నీళ్లల్లో కలిపి పోయడం ఒళ్లు నొప్పులకు హాయిగా ఉంటుంది. ఆపరేషన్ అయింది కాబట్టి కుట్ల గాయం పూర్తిగా ఆరిందని డాక్టరు చెప్పేదాకా ఆగండి. అప్పటిదాకా నడుముకు, కాళ్లకు ఆ నీళ్లల్లో ముంచిన గుడ్డతో కాపడం పెట్టొచ్చు, ముందు మీ మోచేతి మీద వేడి చూసుకోండి. ఆ నీళ్లు లోపలికి తాగించవద్దు. పసిబిడ్డకు మామూలు గోరువెచ్చని నీళ్లు చాలు.